ఎవరి ఫోటోలు వాళ్ళ అరలోనే

సంస్థలో అందరూ ఆమెను సైట్లక్క అనేవాళ్ళు. కార్యదర్శిగారొక్కరే, అదీ ఆమె ఎదుట లేనప్పుడు, అడ్డుగోడ అనేవారు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన పడనే పడింది. ఆమె నొచ్చుకోలేదు. గోడలు లేనిదాన్ని ఇల్లనరు, మైదానమంటారు అని భోజనాల గదిలో నలుగురూ వినేలా చెప్పి, తన డబ్బాకి మూత పెట్టుకుంది.

ఆ సంస్థ పెట్టింది ఒక డాక్టరమ్మ. మొదట చిన్న ప్రసూతి ఆసుపత్రి. తర్వాత దాని వెనక బడి, బడి పక్కన వృద్ధాశ్రమం. ఇంట్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్ళకు ఒక ఆశ్రయం. వాళ్ళలో కొందరూ బయటివాళ్ళు కొందరూ కలిసి పనిచేసే కుట్టుకేంద్రం. ఒక్కోదానికి ఒక్కో వెబ్‌సైటు, అన్నిటికీ ముందు నిలబడే పెద్ద సైటు ఒకటి, మొత్తం ఆరు. ఆరూ ఒకే సర్వర్ మీద, ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. పదమూడేళ్ళుగా వాటి తాళాలు సైట్లక్క చేతిలోనే ఉన్నాయి.

ఆమె ఈ పని చదువుకుని వచ్చిన మనిషి కాదు. పదిహేడో ఏట ఒక ఫోటో స్టూడియోలో చేరింది. చీకటి గదిలో ఫోటోలు కడగడం, ఆరబెట్టడం, నెగటివ్‌లు కవర్లలో సర్దడం ఆమె పని. స్టూడియో యజమానిని మామయ్య అని పిలిచేది. ఒక్కో కుటుంబానికి ఒక్కో కవరు, మీద తేదీ. ఒకరి కవర్లోంచి ఒక్క ముక్క ఇంకొకరి కవర్లోకి పోయిందంటే ఆ రోజంతా మామయ్య ఆమెతో మాట్లాడేవాడు కాదు. తిట్టేవాడూ కాదు, మాట్లాడేవాడూ కాదు, అంతే. ఆ మౌనానికి భయపడే ఆమెకు సర్దడం వేలికొసల్లోకి ఎక్కింది. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు, తన వయసులో సగం లేని పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంది. వాళ్ళు ఒక్క పూటలో పట్టుకున్నది ఆమెకు మూడు పూటలు పట్టేది. పట్టుకున్నాక మాత్రం వదిలేది కాదు.

ఉద్యోగం వచ్చిన కొత్తల్లో అత్తగారు, ఇంతకీ నువ్వు చేసేదేమిటే అని అడిగింది. ఒకే ఇంట్లో ఆరుగురు తోడికోడళ్ళున్నారనుకోండి, ఒక్కొక్కరికీ ఒక గది, ఒక బీరువా, గోడలకి ఎవరికి నచ్చిన రంగు వాళ్ళకి వేసి పెడతాను అని ఈమె చెప్పింది. అత్తగారు కాసేపు ఆలోచించి, "మరి తాళాలు ఎవరి దగ్గర?" అంది. నా దగ్గరే అనగానే, అయితే మంచి ఉద్యోగమే అని తేల్చేసింది. లిఫ్టులు బాగుచేసే భర్త మాత్రం, మూడో అంతస్తుకి లిఫ్టు లేని ఆఫీసులో చేరావు, నా పరువు తీశావు అని చాలా రోజులు ఏడిపించాడు.

మొదట్లో ఆరు సైట్లకీ గదులేమీ ఉండేవి కావు. అన్నిటికీ ఒకటే థీమ్, అంటే ఒకటే రూపం, ఒకటే రంగులు. ఒకసారి బడి వార్షికోత్సవానికి సైటు పైనుంచి కిందికి బెలూన్లు రాలేలా పెట్టమని హెడ్‌మాస్టరుగారు సరదాపడ్డారు. ఆమె పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకామె ఫోన్ చేసింది. ఆమె తండ్రి వృద్ధాశ్రమంలో ఉంటూ రెండు రోజుల క్రితం పోయాడు. నివాళి పేజీలో ఆయన ఫోటో చూద్దామని తెరిస్తే, ఫోటో మీద నుంచి ఎర్రవీ పచ్చవీ బెలూన్లు రాలుతున్నాయి. ఆమె కోప్పడలేదు. "మీ దగ్గర ఇలాగే చేస్తారా అండీ?" అని మాత్రం అడిగింది, నిజంగానే తెలియక అడిగినట్టు. ఇక్కడి అలవాటేమో అనుకుని పాపం ఆవిడ సర్దుకుపోవడానికి కూడా సిద్ధంగా ఉందని అర్థమయ్యాక, సైట్లక్కకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు కూర్చుని ఆరింటినీ విడదీసింది. ఎవరి థీమ్ వాళ్ళది. ఎవరి ఫోటోలు వాళ్ళ అరలో. బడి గుమాస్తా తన సైటులోకి వెళ్తే బడి ఫోటోలే కనపడతాయి, ఆసుపత్రి నర్సుకి ఆసుపత్రివే. ఒక గదిలో రంగు మారిస్తే పక్క గది గోడ మీద చుక్క కూడా పడదు. ఆశ్రయం సైటుకి ఇంకా గట్టి తాళం వేసింది. బయటికి కనిపించే పేజీల్లో ఒక్క మొహం ఉండదు, చేతులు, వాకిలి, మొక్కలు, అంతే. మొహాలున్న ఫోటోలు లోపలి పేజీలో ఉండేవి, సంస్థ నడిపే కమిటీవాళ్ళు ఆరుగురు చూడటానికి.

డాక్టరమ్మకు చూపు మందగించి రాకపోకలు తగ్గాక, ఆమె అల్లుడు కార్యదర్శి అయ్యారు. చెడ్డమనిషి కాదు, తొందర మనిషి. వచ్చిన నెలకే సైట్లక్కని పిలిపించి, ఆరు సైట్లూ ఆరు ఊళ్ళవాళ్ళవిలా ఉన్నాయన్నారు. ఒకే కుటుంబమని చూడగానే తెలియాలి, ఒకటే థీమ్ ఉండాలి, ఫోటోలన్నీ ఒకే చోట పొయ్యాలి, ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవాలి, దాతల సమావేశానికి ముందే అయిపోవాలి.

"అది నేను చెయ్యనండి," అంది సైట్లక్క.

ఆయన ఆమె సరిగా వినలేదేమో అనుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఆమె విని, బెలూన్ల సంగతి చెప్పింది. ఆశ్రయంలో ఉన్నవాళ్ళ మొహాలు ఎందుకు దాచామో చెప్పింది. ఎవరు ఏది చూడాలో టిక్కులు పెట్టుకోవచ్చు కదా అన్నారాయన. టిక్కు పెట్టడం మర్చిపోయిన రోజు ఏమవుతుందండీ అంది ఆమె. మీరు ప్రతిదానికీ అడ్డం పడుతున్నారమ్మా అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"మీరు ఎవరితోనైనా చేయించుకోండి, మీ ఇష్టం. నా చేత్తో మాత్రం ఆ గోడలు కొట్టను."

అంతటితో ఊరుకోలేదు. తాను ఎందుకు వద్దంటోందో ఒక పేజీ రాసి, ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. ఆశ్రయం చూసుకునే వార్డెనమ్మకు కూడా చెప్పింది. వార్డెనమ్మ వెళ్ళి అడిగితే, టిక్కులుంటాయి, భయపడకండి అని ఆమెకూ అదే సమాధానం.

బయటి కంపెనీవాళ్ళు వచ్చారు. పది రోజుల్లో పని ముగించారు. ఆరు అరల్లో ఉన్న పదకొండు వేల ఫోటోలు ఒకే కుప్పలో పోశారు. పనయ్యాక సైట్లక్కకి ఉన్న అధికారాలన్నీ తీసేసి, ఆమె చూడగలదు కానీ మార్చలేదు అన్నట్టు చేశారు. ఒక్కటి మర్చిపోయారు. సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళ దగ్గర ఖాతా ఇంకా ఆమె పేరు మీదే ఉంది.

దాతల సమావేశం రోజు పొద్దున పదిన్నరకి, అలవాటు కొద్దీ ఆమె ఒక్కో సైటూ తెరిచి చూస్తోంది. కుట్టుకేంద్రం సైటు తెరిచింది. మొదటి పేజీ నిండా ఒక ఫోటో. మిషను ముందు కూర్చున్న అమ్మాయి, పళ్ళ మధ్య దారపు కొస, ఎవరో ఏదో అన్నందుకు తల వెనక్కి వేసి నవ్వుతోంది. కింద, మా చేతి పనితనం అని రాసి ఉంది.

ఆ ఫోటో తీసింది సైట్లక్కే. ఆ అమ్మాయిని ఆశ్రయంలో అందరూ బొత్తాలమ్మాయి అంటారు, బొత్తాలు అంత వేగంగా కుడుతుంది కనక. ఆమె ఎక్కడుందో మొగుడికి తెలియదు. తెలియకూడదనే ఏడాదిగా గుమ్మం దాటి బయటికి రాలేదు. ఫోటో తీసేటప్పుడు ఆమె వద్దంటే, కమిటీవాళ్ళు ఆరుగురు తప్ప ఎవరూ చూడరు, నాది పూచీ అని చెప్పింది సైట్లక్కే. కుట్టుకేంద్రం గుమాస్తా తప్పేం లేదు. మిషను అని వెతికితే కుప్పలోంచి వచ్చిన అన్నిటిలోనూ ఇదే బాగుంది. పెట్టాడు.

కంపెనీకి ఫోన్ చేసింది. ఫిర్యాదు నమోదు చేస్తాం, సాయంత్రంలోగా చూస్తాం అన్నారు. కార్యదర్శిగారికి మూడుసార్లు చేసింది, ఆయన ఎత్తలేదు. గుమాస్తా ఫోను హాల్లో ఎక్కడో మోగుతోంది, అతను అతిథులకి కుర్చీలు వేస్తున్నాడు. వార్డెనమ్మ ఒక్కతే ఎత్తింది. సంగతి వినగానే, ఫోటో ఎప్పటి నుంచి ఉంది అని అడిగింది. చూస్తే నిన్న మధ్యాహ్నం నుంచి.

సైట్లక్క చివరి ఫోన్ ఆసుపత్రి రిసెప్షన్‌కి చేసింది. కాసేపట్లో సైటు ఆగిపోతుంది, వచ్చేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకో అమ్మా అని చెప్పింది. తర్వాత సర్వర్ ఖాతాలోకి వెళ్ళి, ఆరింటినీ ఒకేసారి ఆపేసింది.

సరిగ్గా ఆ సమయానికి కింద హాల్లో పెద్ద తెర మీద కార్యదర్శిగారు కొత్త సైట్లు చూపిస్తున్నారు. తెర తెల్లబోయింది. మధ్యలో ఒకే ఒక్క ముక్క, ఈ సైటు ప్రస్తుతం అందుబాటులో లేదు అని. రెండు నిమిషాలు మైకులో ఏదో సర్దిచెప్పి, ఆయన మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. వచ్చేసరికి ఊపిరి అందడం లేదు.

"ఎవరు ఆపారు?"

"నేనే అండి."

"ఎవరి అనుమతితో?"

"మీకు మూడుసార్లు ఫోన్ చేశాను." ఆమె తన ఫోనులో తీసి పెట్టుకున్న ఆ పేజీ ఆయనకి చూపించింది. "ఈ అమ్మాయి మొహం నిన్నటి నుంచి ఊరంతా చూస్తోంది."

ఆయన చూశారు. మొహం మారింది. అయినా, ఆ ఒక్క ఫోటో తీసేస్తే సరిపోయేది కదా, హాల్లో అంతమంది ముందు నన్ను ఇలా నిలబెట్టాలా అన్నారు. ఆ ఒక్క ఫోటో తీసే అధికారం నా దగ్గరుంటే తీసేదాన్నే, అది పోయిన వారమే తీసేశారు, నా దగ్గర మిగిలింది ఇదొక్కటే అంది. ఇప్పుడైనా సైట్లు తెరవమన్నారు. కుప్ప కుప్పగా ఉన్నంతసేపు తెరవనంది. ఉద్యోగం పోతుందని తెలుసా అన్నారు. తెలుసు అంది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ ఆగి, ఆ అమ్మాయి ఎవరు అని అడిగారు. అది మీకు కూడా చెప్పకూడదండీ అంది సైట్లక్క.

మధ్యాహ్నం ఆశ్రయానికి వెళ్ళింది. ఆ ఫోటో ఎవరి కంటైనా పడిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. తెలియనప్పుడు పడిందనే అనుకోవాలి, అది వార్డెనమ్మ లెక్క. బొత్తాలమ్మాయిని ఆ సాయంత్రమే వేరే ఊరికి పంపేస్తున్నారు. వెళ్ళేసరికి మంచం మీద ఆమె సంచీ సర్దుకుంటోంది. ఏడాదిగా అలవాటు పడ్డ గది, పక్క మంచం స్నేహితురాలు, మిషను, అన్నీ వదిలి పోవాలి. అదంతా ఒక్క ఫోటో మూలంగా. సైట్లక్క దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకుంటూ వచ్చింది, గుమ్మంలోకి రాగానే అన్నీ పోయాయి.

"నాది పూచీ అన్నాను. నిలబెట్టుకోలేకపోయాను. క్షమించమ్మా," అంది.

ఆ అమ్మాయి సంచీ జిప్పు లాగడం ఆపింది. కోపం ఉందో లేదో మొహంలో తెలియలేదు. ఆ ఫోటో నేనొకసారి చూడొచ్చా అక్కా అంది. సైట్లక్క చూపించింది. ఆమె చాలాసేపు చూసింది. ఎవరు నవ్వించారో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది, గుర్తు రాలేదు.

"నేను ఇంత నవ్విన ఫోటో ఇంకెక్కడా లేదు. నాకొక్కటి తీసివ్వు. మిగతావన్నీ నా ముందే చెరిపెయ్యి."

సైట్లక్క వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళి, పని జరుగుతున్నంతసేపు పక్కనే నిలబడి ఒకే ఒక్క కాపీ వేయించి, షాపువాడి కంప్యూటర్లోంచి తన చేత్తో తీసేసి తెచ్చింది. తర్వాత మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, వార్డెనమ్మ పట్టుబట్టి కంపెనీవాళ్ళ చేత ఆ ఒక్క పూటకి ఇప్పించిన అధికారంతో తన లాప్‌టాప్‌లోంచి సర్వర్‌లోకి వెళ్ళి, ఆ అమ్మాయి ఉన్న ప్రతి ఫోటో వెతికి, ఒక్కొక్కటీ చూపించి, చెరిపేసింది. పధ్నాలుగు ఉన్నాయి. పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది అంటూ యంత్రం దానంతటదే చేసుకున్న నకళ్ళు కూడా ఉంటాయని చెప్పి, అవీ, తన ఫోనులో ఉన్నదీ తీసేసింది. ఆ అమ్మాయి ప్రతిదానికీ తలూపింది. చీకటి పడకముందే బండి వచ్చింది. ఎక్కేటప్పుడు సైట్లక్క చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

మూడో రోజు కమిటీ కూర్చుంది. డాక్టరమ్మను కుర్చీలో ఎత్తుకుని తీసుకొచ్చారు. కార్యదర్శిగారు తప్పు జరిగిందని ఒప్పుకున్నారు, అయితే ఒక ఉద్యోగి తన ఇష్టం వచ్చినట్టు సంస్థ మొత్తాన్ని ఆపేస్తే రేపు ఎవరి మాట ఎవరు వింటారు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉందని కమిటీలో సగంమందికి అనిపించింది. ఆసుపత్రి హెడ్ నర్సు కూడా, ఆ రోజు పుస్తకంలో రాసిన పేర్లు కలగాపులగమై ఇద్దరు గర్భిణులు రెండు గంటలు ఎదురుచూశారని చెప్పింది. సైట్లక్క ఆ ఇద్దరి గురించి నిజంగానే బాధపడుతున్నానంది. ఇక ఆపినందుకు క్షమాపణ రాసిస్తే ఇంతటితో వదిలేద్దామని ఎవరో అన్నారు.

"ఆ ఫోటో తీసినందుకు ఆ అమ్మాయికి చెప్పుకున్నాను. ఆపినందుకు ఎవరికీ చెప్పను," అంది.

డాక్టరమ్మ ఆ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, మళ్ళీ అలాగే జరిగితే ఏం చేస్తావు అని అడిగింది.

"మళ్ళీ ఆపుతానమ్మా. ఈసారి ఫోన్లు చేస్తూ ఇరవై నిమిషాలు పోగొట్టను."

విచారణ తేలేవరకు ఇంటి దగ్గరుండమని సైట్లక్కకి కాగితం ఇచ్చారు. ఇంటికి వచ్చి అత్తగారికి చెప్తే, తాళాలు ఇచ్చేశావా అని ముందు అదే అడిగింది. ఇచ్చేశానంది. ఖాతా తాళంచెవులు కాగితం మీద రాసి, సంతకం తీసుకుని మరీ ఇచ్చింది. దొంగతనం చేసినట్టు దాచుకోవడం ఆమెకి చేతకాదు.

తాళాలు అందాయి కానీ కుప్ప విడదీయడం కంపెనీవాళ్ళ వల్ల కాలేదు. కలిపేటప్పుడు ఏ ఫోటో ఏ అరలోంచి వచ్చిందో గుర్తు పెట్టుకోలేదు. పాతది దాచిన కాపీ ఉందా అంటే, చోటు చాలక దాని మీదే కొత్తది రాసేశారు. వాళ్ళు పంపిన ఇద్దరు మనుషులు రెండు రోజులు కూర్చుని, బడి పిల్లనీ ఆశ్రయానికి తల్లితో వచ్చిన పిల్లనీ ఎలా పోల్చుకోవాలో తెలియక లేచిపోయారు. ఈలోగా వార్డెనమ్మ, గోడలు కట్టేదాకా ఆశ్రయం ఫోటో ఒక్కటి కూడా ఇవ్వను, సైటే వద్దు అని రాసిచ్చింది. హెడ్‌మాస్టరుగారు, మా పిల్లల మొహాలు బట్టల ప్రకటనలో తేలితే తల్లిదండ్రులకి నేనేం చెప్పుకోను అని ఇంకో కాగితం ఇచ్చారు. హెడ్ నర్సు కూడా సంతకం పెట్టింది. గర్భిణులు ఎదురుచూసిన సంగతి మర్చిపోలేదు కానీ, బాలింతల ఫోటోలు ఎక్కడెక్కడ తిరుగుతాయోనన్న దిగులు అంతకంటే పెద్దది.

ఇరవై రెండో రోజు సైట్లక్కకి ఫోన్ వచ్చింది. ఆమె వెంటనే వెళ్ళలేదు. మూడు షరతులు రాసి పంపింది. ఒకటి, ఎవరి ఫోటోలు వాళ్ళ అరలోనే ఉండాలి. రెండు, ఎవరి థీమ్ వాళ్ళు ఎంచుకోవాలి. మూడు, ఆశ్రయం సైటు తాళం వార్డెనమ్మ దగ్గరే ఉండాలి, తన దగ్గర కూడా కాదు. మూడోది చదివి కార్యదర్శిగారు ఆశ్చర్యపోయారట. సంతకం పెట్టారు. పెద్ద సైటుకి మాత్రం ఆయన మెచ్చిన థీమే ఉంచింది. అది ఆయన గది, ఏ రంగు వేసుకున్నా నాకెందుకు అంది.

కమిటీవాళ్ళు ఆమె పనిపుస్తకంలో ఒక మందలింపు రాశారు. ఆమె చదివి, కింద ఒప్పుకోనని రాసి సంతకం చేసింది.

తర్వాత రెండున్నర నెలలు పదకొండు వేల ఫోటోలూ ఒక్కొక్కటిగా చూసింది. కిటికీ ఊచలు చూసి బడి అని పోల్చేది, దుప్పటి గీతలు చూసి ఆసుపత్రి అని. వృద్ధాశ్రమం వరండాలో గచ్చు ఒక చోట పగిలి ఉంటుంది, అది కనపడితే అటు తోసేది. సందేహమున్నవి ఆయా చోట్లకి తీసుకెళ్ళి అడిగేది. కార్యదర్శిగారు ఆమెతో నేరుగా మాట్లాడటం మానేశారు, ఏం కావాలన్నా చీటీ పంపేవారు. ఆమె చీటీ వెనకే జవాబు రాసి పంపేది. భర్త, ఆయనే ఒకసారి పైకి వచ్చి అడగొచ్చు కదా అంటే, మీరు లిఫ్టు పెట్టించండి వస్తారేమో అంది.

బొత్తాలమ్మాయి ఏ ఊళ్ళో ఉందో ఆమె అడగలేదు. బాగానే ఉందని వార్డెనమ్మ ఒకసారి చెప్పింది, ఆ ఒక్క మాటే.

చివరికి నలభై మూడు ఫోటోలు మిగిలాయి. ఎవరివో, ఎక్కడివో ఎవరూ చెప్పలేకపోయారు. గోడ వారగా నిలబడ్డ ఒక ముసలావిడ, ఎత్తుకున్న బిడ్డ, ఎండలో కళ్ళు చికిలించిన ఇద్దరు ఆడవాళ్ళు. వాటిని పెద్ద సైటులో వాడుకుంటాను, మంచి ఫోటోలున్నాయి అని కార్యదర్శిగారి చీటీ వచ్చింది. ఎవరివో తెలియనప్పుడు అవి మనవి కావండీ అని దాని వెనక రాసి పంపింది. రెండో చీటీ రాకముందే ఆ నలభై మూడూ చెరిపేసి, ఆశ్రయం తాళంచెవి వార్డెనమ్మకి ఇవ్వడానికి మెట్లు దిగింది.